గట్టు మీద నడక: వంశంలో అటాక్సియా ఉంటే బ్యాలెన్స్‌ను ఎలా పరీక్షించుకోవాలి

మా మేనమామ జీవితంలో సారా చుక్క ముట్టలేదు, అయినా నలభై దాటాక ఊళ్ళో ఆయనకు తాగుబోతని పేరు పడిపోయింది. పొలం గట్టు మీద నడుస్తూ నడుస్తూ పక్కకు కాలు వేసేవాడు, బోదెలో పడేవాడు, మాట కూడా కాస్త ముద్దగా వచ్చేది, జనానికి ఇంకేం కావాలి. పదేళ్ళ తర్వాత మా అమ్మకూ అదే మొదలైతే గానీ ఇది తాగుడూ కాదు, నీరసమూ కాదు, చిన్నమెదడు జబ్బు అని మాకు తెలియలేదు. స్పైనోసెరిబెల్లార్ అటాక్సియా అంటారు, అందులో రెండో రకం, ఎస్‌సీఏ2. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగానికి సగం.

నాకిప్పుడు 38. మూడేళ్ళుగా మూడు నెలలకోసారి మా హాల్లో టైల్స్ గీత మీద నడిచి, ఎన్నిసార్లు కాలు తప్పిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. నేను డాక్టర్ని కాదు. న్యూరాలజిస్ట్ గదిలో చూసినవీ, ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకున్నవీ, నేను చేసిన తప్పులూ కలిపి, ఇలాంటి ఇంట్లో పుట్టినవాళ్ళ కోసం రాస్తున్నాను. దీనితో జబ్బు ఉందని గానీ లేదని గానీ మీరు ఇంట్లో తేల్చుకోలేరు. తేల్చే పని డాక్టర్లదీ జన్యుపరీక్షదీ. ఇంట్లో మనం చేయగలిగింది ఒకటే, ఒకే పరీక్షను ఒకే తీరున ఏళ్ళ తరబడి చేసి, ఆ లెక్కను డాక్టర్ చేతిలో పెట్టడం. డాక్టర్ మిమ్మల్ని చూసేది పది నిమిషాలు, ఆ పది నిమిషాల్లో మూడేళ్ళ మార్పు కనపడదు కదా.

గీత మీద కాలు పెట్టే ముందు

అందరూ ఎగిరి దాటేసే మెట్టు ఇది, నేనూ దాటేశాను. మీకు నిజంగా తెలుసుకోవాలని ఉందా?

రక్తం ఇచ్చి జన్యుపరీక్ష చేయించుకోవాలంటే ముందు కౌన్సెలింగ్ ఉంటుంది. ఎందుకు తెలుసుకోవాలనుకుంటున్నారు, ఉందని తేలితే ఏం చేస్తారు, ఎవరికి చెబుతారు, ఇవన్నీ మాట్లాడాకే సూది గుచ్చుతారు. హంటింగ్టన్ అనే మెదడు జబ్బు విషయంలో 1994లోనే అంతర్జాతీయంగా ఈ పద్ధతి రాసిపెట్టారు, మిగతా వంశపారంపర్య జబ్బులకూ దాన్నే చూసి నడుస్తున్నారు. కానీ హాల్లో గీత మీద నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కౌన్సెలింగూ లేదు. అయినా అదీ ఒక రకంగా అదే ప్రశ్న అడుగుతుంది. రక్తపరీక్ష వద్దనుకున్న మనిషి కూడా నాలుగుసార్లు వరసగా గీత తప్పితే తన జవాబు తనకు వచ్చేసినట్టే అనుకుంటాడు, అది తప్పు జవాబే అయినా సరే. కాబట్టి రక్తపరీక్షకు ఎంత ఆలోచిస్తారో దీనికీ అంతే ఆలోచించండి.

మా చెల్లికి తెలుసుకోవడం ఇష్టం లేదు. అది ఆమె హక్కు, నేను వాదించను. ఒకసారి సంక్రాంతికి వచ్చినప్పుడు, పిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే నేను ఆమె కాళ్ళ వంకే చూస్తున్నానని పట్టేసుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను, ఎవరి పాదాలు వాళ్ళవే. మీ పరీక్ష మీరు చేసుకోండి. తమ్ముణ్ణి, మేనకోడల్ని, పెళ్ళి కుదిరిన అబ్బాయిని చాటుగా పరీక్షించకండి. పిల్లల విషయం మరీ ముఖ్యం. పెద్దయ్యాక వచ్చే జబ్బుకు, ఏ లక్షణమూ లేని 18 ఏళ్ళలోపు పిల్లలకు జన్యుపరీక్ష చేయరు, పెద్దయ్యాక వాళ్ళే నిర్ణయించుకుంటారని. మీరు హాల్లో గీత గీసి నడిపించడం కూడా దొడ్డిదారిన అదే పని చేయడం. పిల్లవాడు నిజంగా తూలుతుంటే మాత్రం అది వేరు సంగతి, ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి.

వంశవృక్షం గీయండి

ఒక తెల్లకాగితం తీసుకుని మూడు తరాలు గీయండి. ఎవరికి తూలుడు వచ్చింది, ఏ వయసులో, మాట ఎప్పుడు ముద్దయింది, ఏ వయసులో మంచాన పడ్డారు, ఏ వయసులో పోయారు. దీనికి అమ్మమ్మ వయసువాళ్ళే ఆధారం, కాబట్టి వాళ్ళు ఉండగానే అడగండి. అటాక్సియా అని అడిగితే ఎవరికీ తెలియదు. 'నడుస్తుంటే తూలేవాళ్ళెవరు', 'తాగకపోయినా తాగినట్టు నడిచేవాళ్ళెవరు', 'పక్షవాతమన్నారు గానీ మెల్లమెల్లగా వచ్చిందెవరికి' అని అడగండి. మా ఇంట్లో 'నరాల బలహీనత' అనే మాట కింద ముగ్గురు దొరికారు.

ఆ కాగితం చాలా చెబుతుంది. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరికి ఉండి, తరం మారేకొద్దీ ఇంకా చిన్నవయసులో మొదలవుతుంటే అది ఎస్‌సీఏ తీరు. ఎస్‌సీఏ2లో జన్యువులోని సీఏజీ అనే మూడక్షరాల ముక్క చాలామందిలో 22 సార్లు వస్తుంది, 30ల మధ్యకూ అంతకు పైకీ పోతే జబ్బు. ఆ ముక్క తరం దాటేటప్పుడు, ముఖ్యంగా తండ్రి నుంచి వచ్చేటప్పుడు, చాలాసార్లు ఇంకా పొడుగవుతుంది, అందుకే కొడుక్కి తండ్రికంటే ముందే మొదలవుతుంటుంది. అలా కాకుండా అమ్మానాన్నలిద్దరూ బాగానే ఉండి, పిల్లల్లో ఒకరికో ఇద్దరికో చిన్నప్పుడే తూలుడు మొదలైతే, పైగా మేనరికమో దగ్గరి చుట్టరికమో అయితే, అది రెండు వైపుల నుంచీ రావాల్సిన రకం కావచ్చు. ఫ్రీడ్రైక్ అటాక్సియా ఆ కోవలోదే, ఎక్కువగా 10 నుంచి 15 ఏళ్ళ మధ్య మొదలవుతుంది, గుండెనూ పట్టుకుంటుంది. విటమిన్ ఈ లోపం వల్ల వచ్చే అటాక్సియా కూడా ఈ కోవలోదే. దీన్ని మాత్రం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తొందరగా పట్టుకుంటే విటమిన్ ఈ పెద్ద మోతాదులో ఇచ్చి ఆపగలిగే జబ్బు ఇది.

ముందు మామూలు కారణాలు తీసేయండి

వంశంలో జబ్బు ఉన్నంత మాత్రాన మన ప్రతి తూలుడూ ఆ జబ్బు కాదు. మొదటిసారి నేను గీత మీద నడిచింది రాత్రంతా బస్సులో కూర్చుని హైదరాబాద్ నుంచి వచ్చిన ఉదయం. పది అడుగుల్లో మూడుసార్లు కాలు తప్పింది. ఆ వారమంతా నిద్ర లేదు, ఆఫీసులో ఏం చేశానో గుర్తు లేదు. తర్వాత డాక్టర్ రక్తపరీక్ష రాస్తే బీ12 బాగా తక్కువని తేలింది. ఇంజెక్షన్లు వేయించుకుని, బాగా నిద్రపోయి, మూడు నెలల తర్వాత నడిస్తే ఒక్కసారి కూడా తప్పలేదు.

బీ12, థైరాయిడ్, సుగర్ చూపించుకోండి. మాంసం, గుడ్లు తినని ఇళ్ళలో బీ12 లోపం బాగా ఎక్కువ. మద్యం అలవాటుంటే అది చిన్నమెదడునే తినేస్తుంది, డాక్టర్ దగ్గర దాచకండి. మూర్ఛకు ఫెనిటోయిన్ వాడేవాళ్ళకు మోతాదు ఎక్కువైతే అచ్చం ఇలాగే తూలుడు వస్తుంది. పక్క మీద తిరగ్గానే గది గిర్రున తిరిగితే అది చాలావరకు చెవి లోపలి సమస్య. చిన్నమెదడు తూలుడులో సాధారణంగా గది తిరగదు, కాళ్ళే మాట వినవు. ఇక కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదంటే అరికాళ్ళ నరాలు స్పర్శ మోసుకెళ్ళడం లేదని అర్థం, సుగర్ ఉన్నవాళ్ళలో ఇది మామూలు.

ఒక్క మాట, తూలుడు హఠాత్తుగా, గంటల్లో వస్తే, దానితో మూతి వంకర పోవడం, మాట పడిపోవడం, వాంతులు, విపరీతమైన తలనొప్పి ఉంటే ఇదంతా పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తండి. అది స్ట్రోక్ కావచ్చు. ఎస్‌సీఏ లాంటి మెల్లగా ముదిరే అటాక్సియా ఒక్క పూటలో రాదు.

చోటు, వేళ, పక్కన మనిషి

చోటు ఎప్పుడూ ఒకటే ఉండాలి. హాల్లో రెండడుగుల టైల్స్ ఉంటే వాటి మధ్య అతుకు గీతే చాలు, నాలుగైదు టైల్స్ పొడుగు కావాలి. ఎందుకంటే మడమకు బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు వేస్తే రెండున్నర మీటర్లవుతుంది. గచ్చు నేలైతే సుద్దముక్కతో గీసుకోండి. తడి నేల వద్దు, మేడ మీద వద్దు, మెట్ల దగ్గర అసలే వద్దు. వట్టి కాళ్ళతోనే చేయాలి. లుంగీ అయితే పైకి కట్టండి, చీరైతే కుచ్చిళ్ళు ఎత్తి దోపుకోండి, లేదా పంజాబీ డ్రెస్ వేసుకోండి. పాదాలు కనిపించకపోతే పక్కవాళ్ళు లెక్కపెట్టలేరు.

వేళ కూడా ఒకటే పెట్టుకోండి. నేను ఆదివారం టిఫిన్ అయిన గంటకు చేస్తాను. జ్వరం, నిద్రలేని రాత్రి, జలుబు మందు వేసుకున్న రోజు, ముందురోజు పార్టీ, వీటిలో ఏది ఉన్నా వాయిదా వేయండి.

పక్కన మనిషి తప్పనిసరి. మా ఆవిడ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నాకు ఒక అడుగు పక్కగా, కాస్త వెనక నిలబడుతుంది. పట్టుకోదు, పడబోతే పట్టుకునేంత దగ్గర ఉంటుంది. పట్టుకుంటే పరీక్షే కాదు, వేలు ఆనించినా శరీరం దాని ఆధారం తీసేసుకుంటుంది. లెక్క ఆమే పెట్టాలి, మీరు కాదు. నేను లెక్కపెట్టినన్నాళ్ళూ చిన్నచిన్న తప్పులు 'అది లెక్కలోకి రాదులే' అని వదిలేశాను.

నిలబడటం

డాక్టర్లు అటాక్సియాను కొలిచే కొలమానం ఒకటుంది, 2006లో వచ్చింది, దాని పేరు సారా. తాగకపోయినా తాగుబోతు అనిపించుకున్న మా మావయ్య జబ్బుకు సారా అనే కొలమానం ఏమిటో, తెలుగులో వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. నడక, నిలబడటం, కూర్చోవడం, మాట, చేతుల మీద మూడు పరీక్షలు, కాలి మడమతో ఇంకో కాలి ఎముక మీద గీయడం, అన్నీ కలిపి ఎనిమిది అంశాలు, 40 మార్కులు. ఇక్కడ మార్కులు ఎక్కువ రావడం చెడ్డ. ఆ ఎనిమిదింట్లో ఇంట్లో భద్రంగా, నమ్మకంగా చేసుకోదగ్గవి మొదటి రెండే, నడకా నిలబడటమూ.

నిలబడటం ఇలా చేయండి. ముందు మామూలుగా, మీకు సుఖంగా ఉన్నట్టు. తర్వాత రెండు పాదాలూ దగ్గరికి చేర్చి, బొటనవేళ్ళు ఒకదానికొకటి తగిలేట్టు. ఆ తర్వాత ఒకే గీత మీద ఒక పాదం ముందు ఒక పాదం వెనక, ముందు కాలి మడమకు వెనక కాలి బొటనవేలు ఆనించి. కళ్ళు తెరిచే ఉంచాలి. ప్రతిదీ పది సెకన్లు దాటి నిలబడగలగాలి, మూడు ప్రయత్నాలు, వాటిలో బాగా వచ్చింది రాసుకోండి. మొదట తేడా కనపడేది మూడో దానిలో. పాదాలు దగ్గరికి చేర్చి రాయిలా నిలబడి, ఒకే గీత మీద మాత్రం పది సెకన్లు ఆగలేకపోతే సారాలో దానికి ఒక మార్కు. పాదాలు చేర్చి నిలబడ్డా ఊగుతుంటే రెండు. నేను పది దగ్గర ఆపకుండా ముప్పై సెకన్ల దాకా నిలబడతాను, పది సెకన్లు నాకిప్పుడు తేలికే కాబట్టి తేడా పట్టాలంటే ఇంకాస్త కష్టంగా ఉండాలి. మీరు ఏది పెట్టుకున్నా మధ్యలో మార్చకండి.

ఇక కళ్ళు మూసుకోవడం. దీన్ని రోంబెర్గ్ పరీక్ష అంటారు, 19వ శతాబ్దపు జర్మన్ డాక్టర్ పేరు మీద. పాదాలు దగ్గరగా పెట్టి, ముందు కళ్ళు తెరిచి, తర్వాత మూసి. దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు కాబట్టి కాస్త విప్పి చెబుతాను. మనం పడకుండా నిలబడటానికి మూడు వైపుల నుంచి కబుర్లు అందుతాయి. కళ్ళు, లోపలి చెవి, కాళ్ళ కీళ్ళూ అరికాళ్ళూ. ఆ మూడింటినీ కలిపి సరిచేసేది చిన్నమెదడు. కాళ్ళ నుంచి కబురు సరిగా రాని మనిషి కళ్ళతో నెట్టుకొస్తాడు, కళ్ళు మూస్తే కూలబడతాడు. చిన్నమెదడే దెబ్బతిన్న మనిషి కళ్ళు తెరిచినా ఊగుతాడు. కాబట్టి కళ్ళు తెరిచి ఎంత ఊగారు, మూసి ఎంత ఊగారు, రెండూ విడివిడిగా రాయాలి. ఫ్రీడ్రైక్‌లో కాళ్ళ నరాలు ముందే పోతాయి కాబట్టి అక్కడ ఈ పరీక్ష బాగా పట్టిస్తుంది. ఎస్‌సీఏ2లోనూ నరాలు కొంత దెబ్బతింటాయి.

దీనికి ఇంట్లో మనం రోజూ చేసే రూపం ఒకటుంది, ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నప్పుడు వాష్‌బేసిన్ పట్టుకోవాల్సి రావడం. తలంటు పోసుకుంటున్నప్పుడు గోడ వెతుక్కోవడం. కరెంటు పోతే చీకట్లో అడుగు వేయలేకపోవడం. మా అమ్మ ఇవన్నీ ఏళ్ళ తరబడి చేసింది, 'బాత్‌రూమ్ నున్నగా ఉంది' అనేది.

ఇంకా కష్టమైనది మెత్తటి దాని మీద నిలబడటం. క్లినిక్‌లో ఫోమ్ దిమ్మ ఉంటుంది, ఇంట్లో గట్టి దిండు. మెత్తగా ఉంటే అరికాళ్ళ కబురు తప్పుగా అందుతుంది, పైగా కళ్ళూ మూస్తే మిగిలేది లోపలి చెవే. దీన్ని గది మూలలో మాత్రమే చేయండి, వీపు మూల వైపు పెట్టి, ముందు బరువైన కుర్చీ పెట్టుకుని. అరవై దాటినవాళ్ళు, ఒకసారైనా పడ్డవాళ్ళు దీన్ని వదిలేయండి, ఫిజియోథెరపిస్ట్ దగ్గరే చేయించుకోండి. ఒంటికాలి మీద నిలబడటం కూడా బాగానే పనికొస్తుంది గానీ వయసుతో బాగా తగ్గిపోతుంది, డెబ్బై దాటిన మనిషి అరనిమిషం నిలబడలేకపోతే కంగారు పడాల్సిన పని లేదు.

నడక

ముందు మామూలుగా నడవండి, గోడ వెంట, గోడకు తగలకుండా. చివరికి వెళ్ళి గిరుక్కున వెనక్కి తిరగండి. తిరగడాన్ని జాగ్రత్తగా చూడమనండి, నేరుగా నడిచేటప్పుడు ఏమీ కనపడని మనిషి తిరిగేటప్పుడు ఒక అడుగు పక్కకు వేసి నిలదొక్కుకుంటాడు. మా అమ్మ గుడిలో ప్రదక్షిణం చేసేటప్పుడు మూలల దగ్గర గోడ తాకేది, భక్తి అనుకున్నాం.

ఆ తర్వాత అసలు పరీక్ష. గీత మీద, మడమకు వేళ్ళు ఆనిస్తూ, వరసగా పది అడుగులు. చేతులు ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఏదీ పట్టుకోకూడదు. వేగం మీ ఇష్టం, కానీ మరీ తొందరగా వద్దు, వేగంగా వెళ్తే తప్పులు దాగిపోతాయి. గీత దాటి కాలు పడినా, మడమకూ వేళ్ళకూ మధ్య ఖాళీ వచ్చినా, పక్కకు అడుగు వేసి ఆగినా ఒక తప్పు. పదిలో ఒక తప్పు మామూలే, సారాలో కూడా దానికి మార్కు లేదు. పొలం గట్టు మీద పెరిగినవాళ్ళకు ఇది ఆట, అపార్ట్‌మెంట్‌లో పెరిగినవాళ్ళకు మొదటిసారి నవ్వొస్తుంది, అందుకే మొదటి రెండు సార్ల లెక్కను పక్కన పెట్టండి. అలవాటు లేక తప్పుతాయి, అలవాటయ్యాక బాగుపడతాయి, ఆ బాగుపడటం కూడా నిజం కాదు.

ఇంత చిన్న పరీక్షకు ఇంత విలువ ఎందుకంటే, మామూలు నడకలో పాదాలు ఎడంగా పెట్టి చిన్నమెదడు లోపాన్ని శరీరం కప్పేస్తుంది. గీత మీద ఆ వీలు ఉండదు. యూరప్‌లో ఎస్‌సీఏ 1, 2, 3, 6 రకాల కుటుంబాల పిల్లల్ని, తోబుట్టువుల్ని ఏళ్ళ తరబడి చూసిన అధ్యయనంలో సారా మార్కులు 3కు తక్కువ ఉన్నవాళ్ళను ఇంకా జబ్బు మొదలుకాని వాళ్ళుగా లెక్కవేశారు. అంటే ఒకటో రెండో మార్కులు ఆరోగ్యవంతులకూ రావచ్చు. గీత తప్పినవాళ్ళందరూ జబ్బు మనుషులు కాదు.

ఫోన్, వీడియో

వీడియో తప్పక తీయండి. నడుము ఎత్తులో ఫోన్‌ను స్టూల్ మీద ఆనించి, ఎదురుగా, ప్రతిసారీ అదే దూరం నుంచి. రెండేళ్ళ వీడియోలు పక్కపక్కన పెడితే నోట్‌బుక్ చెప్పనిది కూడా డాక్టర్ కంటికి కనపడుతుంది. ఫోన్‌ను నడుము వెనక గుడ్డ బెల్టుతో కట్టుకుంటే అందులోని సెన్సర్ ఊగుడును కొలుస్తుంది, పరిశోధన చేసేవాళ్ళు ఇలాంటి సెన్సర్లూ, కిందపెట్టే పలకలూ వాడి కంటికి కనపడని ఊగుడును పట్టుకుంటున్నారు. కానీ యాప్ చూపించే అంకెను నమ్మి మీరేమీ అనుకోకండి. ఫోన్ మార్చారా, బెల్ట్ రెండంగుళాలు పైకి కట్టారా, అంకె మారిపోతుంది. నేను నాలుగు నెలలు వాడి తీసేశాను.

నోట్‌బుక్

తేదీ, గీత మీద నిలబడిన సెకన్లు, పాదాలు చేర్చి కళ్ళు తెరిచి ఒకటి, మూసి ఒకటి, పది అడుగుల్లో తప్పులు, ముందురాత్రి నిద్ర ఎన్ని గంటలు, ఏ మందులు. అంతే. పక్కన ఒక్క వాక్యం, 'మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకున్నాను' లాంటిది. దిగడం ముందు ఇబ్బంది అవుతుంది, ఎక్కడం తర్వాత.

రోజూ చేయకండి, వారానికోసారి కూడా చేయకండి. ఈ జబ్బు మొదలయ్యాక కూడా ఎస్‌సీఏ2లో సారా మార్కులు సగటున ఏడాదికి ఒకటిన్నర పెరుగుతాయి, ఎస్‌సీఏ1లో రెండు దాకా, ఎస్‌సీఏ6లో ఒకటి కూడా కాదు. ఇంత నెమ్మదైనదాన్ని రోజూ కొలిస్తే దొరికేది జబ్బు కాదు, నిన్నటి నిద్ర. పైగా మనసు పాడవుతుంది. నేను మొదట్లో ఆఫీసు కారిడార్‌లో, మాల్‌లో, పెళ్ళి మంటపంలో, ఎక్కడ గీత కనపడితే అక్కడ నడిచి చూసుకునేవాణ్ణి. గ్లాసు చేతిలోంచి జారితే ఇదే అనుకునేవాణ్ణి. మూడు నెలలకోసారి అని డాక్టర్ గట్టిగా చెప్పాక, మిగతా రోజుల్లో గీత కనపడితే కావాలని పక్కనుంచి నడుస్తున్నాను.

ఒకసారి పాడైతే లెక్కలోకి తీసుకోకండి. మూడుసార్లు వరసగా, అంటే తొమ్మిది నెలలు, ఒకే వైపు దిగజారుతుంటే అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. బ్యాలెన్స్ కాక ఇంకొన్ని కూడా గమనించి రాయండి. ఎస్‌సీఏ2లో తూలుడు కంటే చాలా ముందే రాత్రుళ్ళు పిక్కలు పట్టేయడం ఉంటుంది. కళ్ళు ఒకవైపు నుంచి ఇంకోవైపుకు నెమ్మదిగా కదలడం కూడా. 1971లో ముంబైకి చెందిన డాక్టర్ నొషీర్ వాడియా తొమ్మిది కుటుంబాల్లో ఈ నెమ్మది కళ్ళను గమనించి దీన్ని వేరే రకం జబ్బుగా రాశారు, జన్యువు దొరకడానికి పాతికేళ్ళ ముందు. క్యూబాలోని ఓల్గీన్ ప్రాంతంలో ఈ జబ్బు ప్రపంచంలోకెల్లా ఎక్కువ, అక్కడ దీనికోసమే ఒక కేంద్రం ఉంది, లక్షణాలు రాని కుటుంబ సభ్యుల్ని కూడా ఏళ్ళ తరబడి చూస్తున్నారు, పైన చెప్పిన పిక్కల నొప్పుల సంగతి అక్కడివాళ్ళు బాగా పరిశీలించిందే.

డాక్టర్ దగ్గరికి

న్యూరాలజిస్ట్ దగ్గరికే వెళ్ళండి, వీలైతే జన్యు కౌన్సెలింగ్ కూడా ఉన్న చోటికి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో జన్యువైద్య విభాగం ఉంది, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలో జన్యుపరీక్షలు చేస్తారు, బెంగళూరులో మెదడు, మనసు జబ్బుల పెద్దాసుపత్రి నిమ్హాన్స్ ఉంది. వంశవృక్షం కాగితం, నోట్‌బుక్, వీడియోలు, వాడే మందుల చీటీ తీసుకెళ్ళండి. ఇంట్లో జబ్బు ఉన్నవాళ్ళ జన్యుపరీక్ష రిపోర్టు ఉంటే అది అన్నిటికంటే ముఖ్యం, ఏ రకమో తెలిస్తే మీకు ఆ ఒక్కటే చూస్తారు.

ఇక్కడ డబ్బు పోయే ఒక పొరపాటు చెబుతాను. ఎక్సోమ్ అని జన్యువులన్నీ చదివే పెద్ద పరీక్ష ఉంది, ఖరీదైంది కాబట్టి అన్నీ తేల్చేస్తుందనుకుంటాం. మామూలు ఎక్సోమ్ పరీక్షలో ఈ సీఏజీ పొడుగు సాధారణంగా పట్టుబడదు. మా అమ్మకు ఒక ల్యాబ్‌లో అదే చేయించి 'ఏమీ లేదు' అని రిపోర్టు తెచ్చుకుని ఏడాది సంబరపడ్డాం. ఎస్‌సీఏ కోసం ముక్క ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే పరీక్ష విడిగా అడగాలి. ఇంకొకటి, ఆ లెక్క వచ్చినా ఏ వయసులో మొదలవుతుందో అది కొంతవరకే చెబుతుంది, పంచాంగంలా చూడకండి.

ఎస్‌సీఏను ఆపే మందు ఇంకా లేదు. ఫ్రీడ్రైక్‌కు మాత్రం 2023లో అమెరికాలో ఒమావెలాక్సోలోన్ అనే మందుకు అనుమతి వచ్చింది, 16 ఏళ్ళు దాటినవాళ్ళకు. ఎస్‌సీఏలో పనిచేస్తుందని తేలింది బ్యాలెన్స్ మీద గట్టిగా చేసే ఫిజియోథెరపీ, ఆపితే లాభం కరిగిపోతుంది కాబట్టి వదలకుండా చేయాలి. అందుకే పరీక్ష మూడు నెలలకోసారైనా, సాధన మాత్రం నేను రోజూ చేస్తాను, కాకపోతే వేరే నేల మీద, వేరే కదలికలతో. పరీక్షించే గీత మీదే సాధన చేస్తే లెక్క పాడవుతుంది.

మీ నోట్‌బుక్ తిరగేసి, డాక్టర్ గారు మళ్ళీ మిమ్మల్ని తన గదిలోనే నడవమంటారు. చిరాకు పడకండి, ఆయన చూడాల్సింది ఆయన చూడాలి. చెప్పులు బయటే వదిలి వెళ్ళండి, నేల మీద గీత లేకపోతే కళ్ళతోనే ఒకటి గీసుకుని నడవండి, కాలు తప్పితే తప్పిందనే చెప్పండి. మా అమ్మ మొదటిసారి అలా నడిచినప్పుడు గోడ తాకి, ఫ్యాన్ గాలికి చీర అడ్డం వచ్చిందంది. డాక్టర్ గారు ఏమీ అనకుండా లేచి ఫ్యాన్ ఆపేసి, మళ్ళీ నడవమ్మా అన్నారు.